పాత ఇంటి వైరింగ్ మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయించాలి

ఏసీ వేసిన ప్రతిసారీ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తానే లైను ఆపేసే స్విచ్) పడిపోతుంటే చాలా ఇళ్లలో చేసే పని ఒకటే. 16 ఆంపియర్ల ఎంసీబీ తీసేసి 32 ఆంపియర్లది పెట్టిస్తారు. పడిపోవడం ఆగుతుంది, సమస్య తీరిందనుకుంటారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఎంసీబీ పని గోడలో ఉన్న వైరు కాలిపోకుండా చూడటం. వైరు 15 ఆంపియర్లకు మించి మోయలేనిదైతే, 25 ఆంపియర్లు పారినా 32 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. వైరు లోపల్లోపలే వేడెక్కుతూ ఉంటుంది. అందుకే వైరును చూసి ఎంసీబీ పెట్టాలి, లోడును చూసి వైరు వేయాలి. ఈ వరస తిరగబడకూడదు.

అలాగే పని వరస కూడా ముఖ్యం. కొత్త స్విచ్‌లు, మెరిసే ప్లేట్లతో మొదలుపెడితే డబ్బు ఖర్చవుతుంది గానీ లోపలి ప్రమాదం అలాగే ఉండిపోతుంది. ముందు ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు), తర్వాత మెయిన్ బోర్డు, ఆ తర్వాత బరువైన లోడ్ల లైన్లు, చివర్లో లైట్లు, ఫ్యాన్లు. ఇల్లంతా ఒకేసారి చేయించే స్తోమత లేకపోయినా ఈ వరసలో దశలుగా చేయించుకోవచ్చు. ఏ దశలో ఆగినా ఇల్లు ముందటికంటే భద్రంగానే ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. వైర్లు లాగడం, బోర్డు కట్టడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. మీటరు, దాని వరకు వచ్చే సర్వీసు వైరు విద్యుత్ సంస్థవి, వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదు. అయితే ఏం ఉందో చూడటం, లెక్క వేయడం, ఏం కావాలో తేల్చుకోవడం, చేసిన పనిని పరీక్షించి తీసుకోవడం ఇంటివాళ్ల చేతిలోనే ఉన్నాయి.

1. ఇప్పుడు గోడలో ఏముందో చూడండి

మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి, సోలార్ ఉంటే అదీ. మెయిన్ ఆపేశాం కదా అని ఇన్వర్టర్ లైన్ మీద చెయ్యి పెట్టి షాక్ తినడం తరచూ జరిగేదే. నియాన్ టెస్టర్‌ను నమ్ముకోవద్దు, అది వెలగనంత మాత్రాన కరెంటు లేదని కాదు. మల్టీమీటర్‌తో మొదట కరెంటు ఉన్న చోట చూసి, తర్వాత మీరు విప్పబోయే చోట చూసి, మళ్లీ ఒకసారి కరెంటు ఉన్న చోట చూడండి. మీటరు పనిచేస్తోందని అప్పుడే రూఢి అవుతుంది. ఈ మీటరు వాడటం అలవాటు లేకపోతే, విప్పే పని ఎలక్ట్రీషియన్‌తో చేయించి పక్కన నిలబడి చూడండి.

ఒక పాత స్విచ్ బోర్డు విప్పించి వైరును పరిశీలించండి. పైన గుడ్డ అల్లిక, లోపల నల్లటి రబ్బరు కనిపిస్తే అది చాలా పాత రబ్బరు ఇన్సులేషన్ వైరు. కొంచెం వంచితే చాలు, రబ్బరు పెళుసుగా పగిలి పొడిగా రాలుతుంది. అలాంటి వైరు ఉంటే ఆలోచించాల్సిందేమీ లేదు, మొత్తం మార్చాల్సిందే. దాన్ని కదిపితే ఉన్న కాస్త ఇన్సులేషన్ కూడా ఊడిపోతుంది కాబట్టి కొత్త వైరును దానికి అతికించే ప్రయత్నం కూడా వద్దు.

లోపలి తీగ తెల్లగా మెరిస్తే అల్యూమినియం అని వెంటనే తేల్చేయకండి. పాత రబ్బరు వైర్లలో రాగికి తగరం పూత వేసేవారు, ఎందుకంటే రబ్బరులోని గంధకం రాగిని తినేస్తుంది. ఆ పూత వల్ల రాగి కూడా తెల్లగానే కనిపిస్తుంది. బ్లేడుతో కొద్దిగా గీకితే తెలిసిపోతుంది: ఎర్రగా బయటపడితే రాగి, లోపల కూడా తెల్లగానే ఉంటే అల్యూమినియం. అల్యూమినియం వైరు చెడ్డదని కాదు, దాని జాయింట్లు చెడ్డవి. గాలి తగలగానే దాని మీద కరెంటు పారనివ్వని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. స్క్రూ కింద నలిగి నలిగి కాలక్రమంలో వదులవుతుంది. వదులైన చోట వేడి, వేడికి మరింత వదులు. ఇక రాగికీ అల్యూమినియానికీ నేరుగా ముడివేస్తే తేమ తగిలి ఆ ముడి తుప్పు పడుతుంది.

ఆ తర్వాత మూడు పిన్నుల సాకెట్ ఒకటి విప్పించండి. పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్త్‌ది. దానికి ఆకుపచ్చ వైరు వచ్చి ఉండాలి. చాలా పాత ఇళ్లలో అక్కడ ఏమీ ఉండదు. అంతకంటే భయపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది: న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి చిన్న వైరు ముక్క వేసి ఉంటుంది. టెస్ట్ చేస్తే ఎర్త్ ఉన్నట్టే చూపిస్తుంది. కానీ ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగితే, ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) నుంచి వచ్చే కరెంటు సాకెట్‌కు తగిలించిన వస్తువు లోపలి నుంచి న్యూట్రల్‌కు వచ్చి, ఆ ముక్క గుండా వస్తువు పైరేకు మీదికి చేరుతుంది. అలాంటి ముక్క కనిపిస్తే వైరింగ్ పని ఎప్పుడు మొదలైనా సరే, దాన్ని మాత్రం ఆ రోజే తీయించండి.

ఇంకో రెండు పాత అలవాట్లు వెతకండి. ఒకటి, న్యూట్రల్‌లో కూడా ఫ్యూజు పెట్టి ఉండటం. ఆ ఫ్యూజు పోతే లైట్లు ఆరిపోతాయి, కరెంటు లేదనుకుంటాం, కానీ ఫేజ్ మాత్రం బల్బు హోల్డర్ వరకు వచ్చే ఉంటుంది. రెండు, స్విచ్‌ను ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో వేయడం. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలుగుతుంటే ఇదో కారణం కావచ్చు. బల్బు మార్చబోయి షాక్ కొట్టించుకునేది ఇలాంటి చోటే. పాత ఇంట్లో రంగులను నమ్మకండి. ఒక పద్ధతిలో నీలం ఫేజ్, మరో పద్ధతిలో నీలం న్యూట్రల్. ప్రతి వైరునూ మీటరుతో చూడాల్సిందే.

చివరగా ఒక కాగితం తీసుకుని ఇంటి ప్లాను గీసుకోండి. ఒక్కో ఫ్యూజు లేదా ఎంసీబీ ఆపుతూ ఏ గదిలో ఏవి ఆగాయో రాసుకోండి. వంటగది, బాత్రూం, పడకగది అన్నీ ఒకే ఫ్యూజు మీద నడుస్తున్నాయని చాలా ఇళ్లలో ఈ కాగితం మీదే బయటపడుతుంది.

2. లోడు లెక్క

ఆ ఇల్లు కట్టిన నాడు నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. ఇప్పుడు అదే వైరు మీద గీజర్, ఏసీ, ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్, మోటారు. ప్రతి వస్తువు వెనకా దాని వాట్లు రాసి ఉంటాయి. ఆ వాట్లను 230తో భాగిస్తే సుమారుగా ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు, 3000 వాట్లదైతే 13. ఏసీలు, మోటార్లు మొదలయ్యే క్షణంలో దీనికంటే చాలా ఎక్కువ లాగుతాయి. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి మొత్తం కూడిక అంతా మెయిన్ మీద పడదు. ఒక చలికాలం ఉదయం, ఒక ఎండాకాలం రాత్రి ఏవేవి కలిసి నడుస్తాయో విడివిడిగా కూడండి. ఆ రెంటిలో పెద్దది మీ అసలు అవసరం. అది మీకు మంజూరైన లోడు దాటుతుంటే విద్యుత్ సంస్థకు ముందే దరఖాస్తు పెట్టండి. ఆ పనికి పట్టే సమయం మీ చేతిలో ఉండదు.

3. ఏ లైనుకు ఏ వైరు, ఏ ఎంసీబీ

వైరు సైజు ఎందుకంత ముఖ్యమో ఒక గీజర్ లెక్కతో చూడండి. 3000 వాట్ల గీజర్ మెయిన్ బోర్డుకు 20 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోను రాను 40 మీటర్ల వైరు. 1.5 స్క్వేర్ ఎంఎం (తీగను అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) రాగి వైరు నిరోధం కిలోమీటరుకు దాదాపు 12.1 ఓమ్‌లు, కాబట్టి 40 మీటర్లకు అర ఓమ్‌కు కాస్త తక్కువ. 13 ఆంపియర్లు పారితే ఆ వైరు ఒక్కటే 80 వాట్లకు పైగా వేడి పుట్టిస్తుంది, అదీ గాలి ఆడని గోడ లోపల. అదే 4 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ వేడి దాదాపు 31 వాట్లకు దిగుతుంది. ఇంకో సంగతి, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. మామూలు పీవీసీ ఇన్సులేషన్ 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకునేలా తయారవుతుంది. రోజూ ఆ హద్దు దాకా వెళ్లి వచ్చే వైరు త్వరగా గట్టిపడి పగులుతుంది.

అందుకని రాగి వైరుతో ఇలా విడగొట్టించండి. లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం, దానికి 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. మామూలు సాకెట్లకు 2.5 వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. గీజర్, ఏసీ, ఇండక్షన్ లాంటి వాటికి ఒక్కోదానికి ఒక్కో విడి లైను, 4 స్క్వేర్ ఎంఎం, 20 లేదా 25 ఆంపియర్లు. మధ్యలో ఇంకే సాకెట్టుకూ కొమ్మ వేయకూడదు. మీటరు నుంచి బోర్డుకు వచ్చే వైరు లోడును బట్టి 6 లేదా 10, ఇంకా పెద్దదీ కావచ్చు. ఒకే పైపులో చాలా లైన్లు కట్టగా వెళ్తుంటే ప్రతి వైరూ మోయగలిగే కరెంటు తగ్గుతుంది, అప్పుడు సైజు పెంచాలి.

పాతకాలపు ఎలక్ట్రీషియన్లు 1/18, 3/20, 7/20 అని చెప్తారు. మొదటి అంకె తీగల సంఖ్య, రెండోది వాటి గేజ్. గేజ్ అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. 7/20 అంటే దాదాపు 4.6 స్క్వేర్ ఎంఎం, 3/20 అంటే దాదాపు 2. దుకాణంలో అడిగేటప్పుడు స్క్వేర్ ఎంఎంలోనే అడగండి, 3/20 అంటే 2.5 అనేసుకుంటే తేడా పడుతుంది.

ఎంసీబీల్లో బి, సి అనే రకాలు ఉంటాయి. బి రకం తన రేటింగుకు 3 నుంచి 5 రెట్ల కరెంటు దగ్గర వెంటనే పడుతుంది, సి రకం 5 నుంచి 10 రెట్ల దగ్గర. లైట్లు, గీజర్లకు బి, ఏసీ, మోటారుకు సి. ఏసీ మొదలైన ప్రతిసారీ ట్రిప్ అవుతుంటే ఆంపియర్లు పెంచడానికి ముందు రకం చూడండి.

4. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ: ఈ రెండూ కలిసే ఉండాలి

ఈ పని మొత్తంలో ప్రాణం కాపాడే భాగం ఇదే. ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి.

ఎంసీబీ మనిషిని కాపాడదు. గీజర్ పైరేకుకు ఫేజ్ తగిలిందనుకోండి. ఇంటి ఎర్త్ కడ్డీ నిరోధం 10 ఓమ్‌లు ఉంటే, మిగతావి వదిలేసినా, 230 వోల్టులకు పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది కొంచెం ఓవర్‌లోడ్ మాత్రమే, పడటానికి చాలా నిమిషాలు పట్టొచ్చు. 25 ఆంపియర్లదైతే అసలు పడదు. అంతసేపూ గీజర్ రేకు మీద కరెంటు ఉంటుంది, కింద తడి నేల మీద మనిషి ఉంటాడు.

ఆర్‌సీసీబీ పద్ధతి వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా దాని హద్దుకు చేరితే లైను కట్ చేస్తుంది. మనుషుల రక్షణకు 30 మిల్లీఆంపియర్లది కావాలి. 100, 300 మిల్లీఆంపియర్లవి నిప్పు ప్రమాదం తగ్గించడానికే పనికొస్తాయి, షాక్‌కు కాదు. కొనేటప్పుడు పెట్టె మీద కాదు, పరికరం మీదే ఆ అంకె చూడండి. ఓవర్‌లోడును ఆర్‌సీసీబీ పట్టుకోదు, కాబట్టి దాని తర్వాత ఎంసీబీలు ఉండాల్సిందే.

ఆర్‌సీసీబీ ఉంది కదా, ఎర్త్ ఎందుకు అని అడుగుతారు. ఎర్త్ వైరు ఉంటే లీకేజీ మొదలైన క్షణమే కరెంటు భూమిలోకి పారి ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునే దాకా అది ఎదురుచూస్తుంది, కరెంటు వాళ్ల ఒంట్లోంచి పారాకే పడుతుంది.

ఎర్త్ గుంత కొత్తగా తీయించి, పైపో కడ్డీయో దింపించి, అక్కడి నుంచి బోర్డు దాకా తెగని వైరు వేయించండి. నీళ్ల పైపుకు ఎర్త్ కట్టిన పాత ఇళ్లుంటాయి. మధ్యలో ఎక్కడ ప్లాస్టిక్ పైపు వేసినా ఆ ఎర్త్ పోయినట్టే. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి వెలిగింది, బాగుంది అనే పరీక్షతో సరిపెట్టుకోకండి. ఆ బల్బుకు అర ఆంపియర్ కూడా అక్కర్లేదు, నాసిరకం ఎర్త్ మీద కూడా అది వెలుగుతుంది. ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి ఓమ్‌లలో అంకె రాయించుకోండి.

ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ పెడితే ఒక్క లీకేజీకి ఇల్లంతా చీకటి. కనీసం రెండుగా విడగొట్టండి. ఫ్రిజ్ ఒక దాని మీద, బాత్రూం, వంటగది సాకెట్లు ఇంకో దాని మీద ఉంటే మేలు.

మూడు ఫేజుల కనెక్షన్ ఉన్నవాళ్లు మెయిన్ న్యూట్రల్ జాయింట్‌ను ప్రత్యేకంగా చూపించుకోవాలి. అది ఊడితే కొన్ని వస్తువుల మీద 230 బదులు 400 వోల్టుల దగ్గరకు వెళ్లొచ్చు. ఒక్క నిమిషంలో టీవీ, ఫ్రిజ్, బల్బులు కాలిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే.

5. గోడ పని

గోడలో ఉన్న పైపులు బాగుంటే పగలగొట్టకుండానే పాత వైరుకు కొత్త వైరు కట్టి లాగవచ్చు. పైపు ఇనుపదైతే లోపల తుప్పు అంచులు కొత్త ఇన్సులేషన్‌ను గీసేస్తాయి, దాన్ని వదిలేసి కొత్త పీవీసీ పైపు వేయడమే మంచిది. వైర్లు పైపులో సగానికి మించి నింపకూడదు. 40 శాతం దగ్గర ఆపితే లాగడమూ తేలిక, వేడీ తక్కువ.

కొత్త పైపు కోసం గోడలో గాడి నిలువుగానో అడ్డంగానో మాత్రమే కొట్టించండి, ఐమూలగా వద్దు. రేపు ఎవరైనా మేకు కొట్టేటప్పుడు స్విచ్ పైనా పక్కనా వైరు ఉంటుందని ఊహించగలరు, ఐమూల వైరును ఊహించలేరు. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డం గాడి ఆరో వంతు దాటకూడదు. స్తంభాలు, దూలాలు, శ్లాబు ముట్టుకోవద్దు. మట్టి, సున్నం గోడలైతే గాడి ఆలోచనే మానేసి గోడ పైనే కేసింగ్ క్యాపింగ్ (వైర్లు పెట్టి మూత వేసే పట్టీ) వేయించండి. చూడటానికి అంత బాగుండకపోవచ్చు గానీ గోడ నిలుస్తుంది, రేపు ఏదైనా మార్చాలన్నా తేలిక.

గాడి పూడ్చే ముందు ప్రతి గోడనూ టేపు ఆనించి ఫోటో తీసుకోండి. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది ఫోటోలో కనిపించాలి.

6. జాయింట్లు

నా దృష్టిలో ఎలక్ట్రీషియన్ పనితనం తెలిసేది ఇక్కడే. పైపు మధ్యలో ఒక్క జాయింటు కూడా ఉండకూడదు. ఉన్నవన్నీ మూత తీసి చూడగలిగే జంక్షన్ బాక్సుల్లోనే ఉండాలి, మెలితిప్పి టేపు చుట్టినవి కాకుండా కనెక్టర్లతో. స్క్రూ కింద పట్టట్లేదని వైరులో నాలుగు తీగలు కత్తిరించి దూర్చడం చూస్తే అప్పుడే ఆపండి. ఎంసీబీ స్క్రూ కింద రాగికి బదులు ప్లాస్టిక్ ఇన్సులేషన్ నొక్కుకుపోయి ఉండటం ఇంకో తప్పు, బయటికి బిగువుగానే కనిపిస్తుంది. బహుళ తీగల వైరుకు లగ్గు (తీగలన్నిటినీ కలిపి పట్టే లోహపు తొడుగు) వేయించండి. వదులు జాయింటు దగ్గర పుట్టే వేడిని ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ గుర్తించవు, ఎందుకంటే కరెంటు పెరగదు, లీకూ అవదు. అందుకే చేతి పని సరిగ్గా ఉండటం తప్ప వేరే రక్షణ లేదు. ప్రతి లైనుకూ దాని ఫేజ్‌తో పాటు దాని సొంత న్యూట్రల్ బోర్డు దాకా రావాలని ముందే చెప్పండి.

7. కరెంటు ఇచ్చే ముందు

కొత్త వైరింగ్‌కు మెగ్గర్ పరీక్ష (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరీక్ష) చేయించకుండా కరెంటు ఇవ్వనివ్వకండి. బల్బులు తీసేసి, అన్ని ప్లగ్గులు పీకేసి, 500 వోల్టుల డీసీతో ఫేజ్, న్యూట్రల్‌లకూ ఎర్త్‌కూ మధ్య కొలవాలి. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఎక్కడో ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టు. కొత్త వైరు సాధారణంగా దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది, 2, 3 దగ్గర ఆగితే అనుమానించి లైన్లు ఒక్కొక్కటిగా విడదీసి చూడమనండి. తర్వాత ప్రతి సాకెట్ ఎర్త్ పిన్నుకూ బోర్డులోని ఎర్త్ లింకుకూ మధ్య కంటిన్యుయిటీ చూడాలి, అంటే వైరు ఎక్కడా తెగలేదని. కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడాలి. తర్వాత కూడా నెలకోసారి నొక్కుతుండండి. ఏ ఎంసీబీ దేనిదో రాసిన చీటీ బోర్డు తలుపు లోపల అతికించాకే మిగతా డబ్బు ఇవ్వండి.

కొత్త బోర్డు పెట్టిన మొదటి రోజుల్లో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందని దాన్ని బైపాస్ చేయమనే సలహా వస్తుంది. ఒప్పుకోకండి. అది పడుతోందంటే కరెంటు వెళ్లకూడని దారిలో వెళ్తోందని అర్థం. దశలవారీగా మార్చిన ఇళ్లలో సాధారణంగా దొరికే కారణాలు మూడు. ఒక లైను ఫేజ్ ఒక ఆర్‌సీసీబీ నుంచి, న్యూట్రల్ ఇంకో దాని నుంచి వెళ్తుండటం. ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతుండటం, ముందు చెప్పిన సాకెట్ ముక్క ఇంకోటి మిగిలిపోయినా ఇదే జరుగుతుంది. మూడోది పాత గీజర్ కాయిల్ లీక్ అవడం. అన్ని ప్లగ్గులూ పీకేసి ఒక్కో వస్తువూ తగిలిస్తూ వెళ్లండి. ఏదో ఒక దానితో పడితే తప్పు ఆ వస్తువుది. ఏమీ తగిలించకుండానే పడుతుంటే వైరింగ్‌ది, అప్పుడు బోర్డులో న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటి విప్పించి ఏ లైనుదో పట్టుకోవాలి. ఎంసీబీలు మాత్రమే ఆపి వెతికితే దొరకదు, ఎందుకంటే ఫేజ్‌ను మాత్రమే తెంచే సింగిల్ పోల్ ఎంసీబీ ఆపినా న్యూట్రల్ కలిసే ఉంటుంది.